నీలం రైలు పుట్టినరోజు

రైలు ఏ రంగులో ఉంటుందని అడిగితే నేను ఎర్రగా ఉంటుందనే చెప్పేదాన్ని. ఇటుక రంగు అనండి, ముదురెరుపు అనండి, నేను ఎక్కిన రైలు మాత్రం అదే రంగు. మదనపల్లె ఊళ్ళోకి రైలు రాదు. స్టేషను ఊరికి దూరం, మాకు ఎక్కడికి పోవాలన్నా బస్సే. ఎప్పుడో పెళ్ళికి ముందు ఒకసారి ఎక్కిన జ్ఞాపకం, అంతే. అందుకే ఆ పిల్ల "అమ్మా, నా బర్త్‌డేకి ఇల్లు రైలు మాదిరి సేద్దాం" అన్నప్పుడు నేను పోయి ఎర్ర కాగితాలు కొనుక్కొచ్చాను. తప్పు రంగు తెచ్చావని పిల్ల చెప్పింది. ఆ మాట తనకు ఎవరు నేర్పారో కూడా చెప్పింది.

ఆ పిల్ల నా చెల్లెలి బిడ్డ. చెల్లెలు తొలి కాన్పుకు పుంగనూరులో మా అమ్మ దగ్గరికి వచ్చి, బిడ్డను కని, బిడ్డ మొహం సరిగ్గా చూడకుండానే పోయింది. కర్మలు అయిపోయిన రోజు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళాం పోతే, ఆమె పుట్టింట్లో పెళ్ళికాని చెల్లెలుంటే ఆ చెల్లెల్నే ఇచ్చి చేస్తారు, బిడ్డ పరాయి చేతుల్లో పడకుండా. మా ఇంట్లో ఇవ్వడానికి ఇంకో ఆడపిల్ల లేదు. ఉన్నది నేను, పెద్దదాన్ని, పెళ్ళయి ఎన్నేళ్ళయినా కడుపు పండనిదాన్ని. మా మరిది, అంటే చెల్లెలి మొగుడు, కుప్పంలో గ్రానైటు రాయికి పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. మొద్దుబారిన చేతులతో బిడ్డను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వు సూసుకో వొదినా, నాకేం సేతనైతాది" అన్నాడు. ఎన్నాళ్ళు చూసుకోవాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బిడ్డను మదనపల్లె తెచ్చుకున్నాను. మా ఆయన టమోటా మార్కెట్టులో ఒక మండీకి గుమాస్తా. పొద్దు పొడవకముందే పోతే ఎండ నెత్తికెక్కాక వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని, ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని. అలాంటి మనిషి ఆ పిల్ల వచ్చాక వీధి మలుపు నుంచే దాన్ని పిలుస్తూ రావడం మొదలుపెట్టాడు. ఆయన గొంతు అంత దూరం వినిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్ల నన్ను అమ్మ అంది, ఆయన్ను నాయన అంది. మేము నేర్పలేదు, వద్దనీ అనలేదు. వద్దన్నది మా అమ్మ ఒక్కతే.

"పెద్దమ్మ అని పిలిపించుకోవే," అనేది పుంగనూరు పోయినప్పుడల్లా. "కాకి గూట్లో కోయిల పిల్ల అది. రెక్కలొస్తే ఎవురిది వాళ్ళకే పోతాది. రేపు నువ్వే ఏడుస్తావు."

"నీ నోట ఒక మంచి మాట రాదామ్మా," అని నేను మూతి ముడుచుకుని ఆ పూటే బస్సెక్కి వచ్చేసేదాన్ని.

మరిది రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. బొరుగుల పొట్లం తెచ్చేవాడు, బిస్కెట్లు తెచ్చేవాడు, ఒకసారి తగరపు రైలుబొమ్మ తెచ్చాడు. అతన్ని చూస్తే పిల్ల దాక్కునేది కాదు, అలాగని మీద పడేదీ కాదు. "కుప్పం నాయన వచ్చినాడు" అని లోపలికి కేకేసేది. ఇంట్లో ఉన్నాయన నాయన, వచ్చినాయన కుప్పం నాయన. అది వింటే నాకు లోపల్లోపల చక్కెర నమిలినట్టుండేది. అతను మాత్రం వాకిట్లో చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొస్తానని దొడ్లోకి పోయి చాలాసేపటికి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. కాళ్ళు కడుక్కోవడానికి అంతసేపెందుకని నేను మా ఆయనతో నవ్వేదాన్ని.

తర్వాత అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రామకుప్పం వైపు అమ్మాయి. వయసులో ఉన్నవాడు, చేసుకోవద్దని ఎవరంటారు. ఆ అమ్మాయిని ఒకసారి మా ఇంటికి తీసుకొచ్చాడు. నెమ్మదస్తురాలు. పట్టుకుందామంటే నాకు ఒక్క తప్పూ దొరకలేదు, దానిక్కూడా నాకు కోపమొచ్చింది.

ఇక్కడ తలెంట్రుకల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా వైపు పిల్లల పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయాలి. ఒకటో ఏడు, అది తప్పితే మూడో ఏడు, అదీ తప్పితే ఐదో ఏడు. ఏ ఇంటి దేవుడి దగ్గర ఆ వెంట్రుకలు రాలితే బిడ్డ ఆ ఇంటిది. కోర్టులూ కాగితాలూ మాకు తెలియవు. పెద్దవాళ్ళు చూసేది అదొక్కటే. మొదటి ఏడు చెల్లెలు పోయిన మైల, శుభకార్యం కూడదు. మూడో ఏడు పిల్లను మా ఆయన ఇంటి దేవుడి దగ్గరికి తీసుకుపోదామని మరిదికి కబురు పెట్టాను. ఒప్పుకుంటాడనే నా నమ్మకం. సరిగ్గా అప్పుడే మరిది వాళ్ళమ్మ పోయింది, మళ్ళీ ఏడాది మైల. ఈలోగా పిల్ల జుట్టు నడుము దాకా వచ్చింది. నేనే నూనె పెట్టి, చిక్కు తీసి, రెండు జడలు వేసి కనకాంబరాలు పెట్టేదాన్ని. కత్తి తగలని ఆ జుట్టు చేతిలో పట్టుకున్నప్పుడల్లా, ఇది ఇంకా ఎవరి బిడ్డా కాలేదు, నా బిడ్డ కావచ్చు అనుకునేదాన్ని.

నాలుగు నిండి ఐదో ఏడు పడబోతుండగా, ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు మరిది వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. తాగకుండా గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"వొదినా, ఐదో ఏడు పడతాండాది. ఈసారి తలెంట్రుకలు మా దేవునికాడ తీపిస్తాము," అన్నాడు. "పుట్టినరోజు ఈడే సెయ్యి. మర్నాడు పిల్చుకోని పోతాను. జూన్లో ఆడనే ఇస్కూల్లో ఏస్తా."

"ఆడ ఎవురుండారు దానికి?" అన్నాను.

"నేను ఉండాను," అన్నాడు. తల ఎత్తలేదు. "నా బిడ్డకు నేను సుట్టం మాదిరి ఐపోతాండాను వొదినా."

మా ఆయన వైపు చూశాను. ఆయన గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. చివరికి నేనే అన్నాను, పిల్ల నవ్వుకుంటా వస్తే తీసుకుపో, ఏడిస్తే మాత్రం పంపను అని. మరిది ఒప్పుకున్నాడు. "ఏడిపిచ్చి ఎత్తుకోని పోయేదానికి నేనేమన్నా దొంగనా" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాను. పిల్ల ఏడవాలి. కుప్పం పోనని, ఈ ఇల్లు వదలనని నేలమీద పడి దొర్లాలి. దానికి నాకు తోచిన దారి పుట్టినరోజు. ఎవరూ చేయనంత బాగా చేస్తే, ఆ మురిపెంలో పిల్ల మా గడప దాటదని నా లెక్క. చిన్నపిల్లల మనసు రంగు కాగితాలతో కట్టేయవచ్చనుకున్నాను.

అంతకుముందు చలికాలంలో మా వీధి చివర డాక్టరు గారి పాపకు పుట్టినరోజు చేశారు. బెంగుళూరు నుంచి మనుషులొచ్చి ఇంటిని అడవిగా మార్చేశారు. గోడల నిండా ఆకుపచ్చ కాగితాల చెట్లు, అట్ట పులులు, పైనుంచి వేలాడే కోతులు. దాన్ని థీమ్ అంటారట. అప్పటిదాకా మాకు పుట్టినరోజంటే కేకు, కొన్ని బెలూన్లు, కారంబూందీ, చాక్లెట్టు. మా పిల్ల ఆ అడవిలోంచి తిరిగొచ్చి చాలా రోజులు పులిలాగే అరిచింది. మా అమ్మకు చెబితే, "రామకుప్పం కాడ నిజం ఏనుగులొచ్చి రాగిచేను తొక్కతాంటే తరిమేదానికి సస్తాండారు. మీరు దుడ్లిచ్చి అడివిని ఇంట్లోకి తెచ్చుకుంటాండారా" అని నవ్వింది. నవ్వితే నవ్వింది, నేనూ థీమే చేస్తాననుకుని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"ఏం మాదిరి సేద్దాం సెప్పు. పూలతోట సేద్దామా? సుక్కలూ చందమామా పెడదామా?"

"రైలు," అంది.

"రైలు యాలమ్మా? పూలతోట బాగుంటాది. నీ గౌను మీద గూడా పూలే కుడతా."

"రైలే. కుప్పం నాయన ఇంటికాడ రోజంతా రైళ్ళొస్తాయంట. గేటు ఏస్తారంట. మనం గూడా ఈడ రైలు పెట్టుకుందాం."

వచ్చినప్పుడల్లా మరిది చెప్పిన రైలు కబుర్లు పిల్ల మనసులో అంత లోతుకు దిగాయని నాకు తెలియదు. వద్దంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మొండితనం నా దగ్గర నేర్చుకున్నదే కదా. రైలేదో మా ఇంట్లోనే ఉంటే ఇంక కుప్పం పోయే పనేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఒప్పుకున్నాను.

బజారులో ఒక ముసలి భాయ్ ఫ్యాన్సీ అంగడి నడిపేవాడు. నేను జాకెట్లకు లేసులూ హుక్కులూ కొనేది ఆయన దగ్గరే. పెళ్ళికైనా, చవితికైనా, రంజానుకైనా ఊళ్ళో సగం ఇళ్ళకు తోరణాలు ఆ అంగట్లోంచే పోతాయి. రైలు కావాలంటే ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"రైల్ కా బర్త్‌డేనా? అంగడి పెట్టినాక ఇది ఎవురూ అడగలేదమ్మా. పూలతోరణం ఉండాది, గుండెకాయ బెలూన్లు ఉండాయి. రైలుకు ఏమేం కావాల్నో నువ్వే సెప్పు, తీస్తా."

ఏమేం కావాలో నాకు మాత్రం ఏం తెలుసు. చక్రాలకు థర్మాకోల్ అట్ట, పట్టాలకు వెండి కాగితం, పొగకు దూది, గార్డు జెండాకు ఆకుపచ్చ గుడ్డ, అని ఒక్కొక్కటీ తలుచుకుంటూ తీయించాను. రైలుపెట్టెలకు మాత్రం క్రేపు కాగితంలో ఎర్రవన్నీ దించించి, వాకిట్లో ఎండలోకి తీసుకుపోయి రంగు చూశాను. ఒకటి మిరపపండు రంగు, ఒకటి కుంకుమ రంగు. కుంకుమ రంగే రైలుకు దగ్గరగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నాకు సంతోషంగా ఉంది. ఎవరి బిడ్డ, ఏ దేవుడు అన్నది మరిచిపోయాను. బిడ్డ పుట్టినరోజుకు అంగట్లో బేరం చేసే తల్లిని, అంతే.

ఇంటికొచ్చి కాగితం చుట్ట విప్పగానే పిల్ల మొహం మాడిపోయింది.

"ఇది కాదు. రైలు నీలంగా ఉంటాది."

"ఎవురు సెప్పినారు? నేను ఎక్కినాను, ఎర్రగా ఉంటాది."

"నువ్వెక్కింది ముసిలి రైలు. ఇప్పుడు నీలం. కుప్పం నాయన సెప్పినాడు."

"మీ కుప్పం నాయనకేం తెలుసు," అన్నాను. గొంతు లేచింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషి మా ఆయన అప్పుడే విప్పాలా. "ఇప్పుడన్నీ నీలమే. మార్చేసినారు" అన్నాడు మెల్లగా. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆ పూట ఇద్దరికీ అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. పిల్ల నా కొంగు పట్టుకుని వెనకాలే తిరిగింది. "నీకు తెల్దు కదా, అందుకే తెచ్చినావు, ఏం కాదులే" అని నన్నే ఓదార్చింది. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు భాయ్ అంగడికి మళ్ళీ పోయాను. నీలం కావాలంటే ఆయన ఎందుకని అడగలేదు, నా మొహం చూసి కూర్చోమని ముక్కాలిపీట వేశాడు. వేరే ఎవరి దగ్గరా చెప్పనిది ఆ అంగట్లో చెప్పేశాను. పిల్ల ఎవరిదో, ఎవరు తీసుకుపోతారో, రైలు థీమ్ ఎవరు నేర్పారో అంతా. ఆయన వింటూనే నీలం కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

"పిల్ల అడిగిందే పెట్టమ్మా," అన్నాడు. "నీకు నచ్చింది పెడితే అది నీ పండగ అయితాది."

నాకు నచ్చని సలహా, అయినా తీసుకున్నాను. ఆకాశనీలం కాదు, నెమలినీలం కాదు, స్కూలు సిరాకు దగ్గరగా ఉండే నీలం ఎంచుకున్నాను. ఎర్ర కాగితం జెండాకూ, ఇంజను ముందు దీపానికీ వాడుకున్నాను.

బండి కట్టింది మా ఆయన. అప్పట్లో టమోటాలు చెక్కపెట్టెల్లోనే పోయేవి. విరిగిన చెక్కా, పొడుచుకొచ్చిన మేకూ లేని పెట్టెలు ఏరి తెచ్చి, కడిగి ఎండబెట్టి, పిల్లల చేతులకు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దాడు. ఎంత కడిగినా పుల్లటి టమోటా వాసన పోలేదు. మైదా బంక కాచి ఇద్దరం నీలం కాగితం అంటించాము. ఒక్కో పెట్టెను తాడుతో ఇంకో పెట్టెకు కట్టాడు, ముందర నూనె డబ్బాతో ఇంజను చేశాడు. పిల్ల ఇంజను మూతికి దూది అతికించి, అది ఊడిపోతే మళ్ళీ అతికించి, మధ్యాహ్నమంతా ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది.

"వెనకాల గూడా ఒక ఇంజను పెట్టు," అన్నాను మా ఆయనతో.

"రైలుకు ఒకటే ఇంజను."

"మరి తిరిగెట్ల వస్తాది?"

ఆయన ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూస్తూ కూర్చున్నాడు.

ఇక మిగిలింది స్టేషను బోర్డు. పసుపు అట్ట మీద నల్ల అక్షరాలు. మా ఆయన చేతిరాత ముత్యాలు. మండీలో రేట్ల బోర్డు రాసేది ఆయనే. నేను మదనపల్లె అని రాయమన్నాను. పిల్ల కుప్పం అని రాయమంది. నేను పట్టు విడవలేదు, పిల్లా విడవలేదు. మా ఆయన ఇద్దరినీ చూసి రెండు బోర్డులు రాశాడు. మదనపల్లె బోర్డు వంటింటి వైపు గోడకు, కుప్పం బోర్డు వీధి తలుపు వైపు. పట్టాలు ఇటు నుంచి అటు వేశాడు. ఇంజను మూతి వీధి తలుపు వైపు ఉంది. నేను బెలూన్లు కడుతూ ఆ బోర్డుకు బెలూను అడ్డం వచ్చేటట్టు ఒకటి కట్టాను. పిల్ల వచ్చి దాన్ని పక్కకు జరిపింది.

పుట్టినరోజు సాయంత్రం వీధిలోని పిల్లలంతా వచ్చారు. డాక్టరు గారి పాప కూడా వచ్చి నోరు తెరుచుకుని చూసింది. పుంగనూరు నుంచి మా అమ్మ వచ్చింది, కుప్పం నుంచి మరిదీ అతని భార్యా వచ్చారు. నేను కుట్టిన నీలం గౌనులో, రెండు జడల నిండా కనకాంబరాలతో పిల్ల ఇల్లంతా తానే అయి తిరిగింది. మా అమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. మరిది మాత్రం గడపలోనే ఆగిపోయాడు. నీలం పెట్టెలు, వెండి పట్టాలు, ఎదురుగా కుప్పం అన్న బోర్డు. తను చెప్పిన కబుర్లన్నీ అక్కడ వరసగా నిలబడి ఉంటే చూసి, భుజం మీది తుండుతో మొహం అదిమి పట్టుకున్నాడు.

పిల్ల అతని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "కుప్పం నాయనా, నువ్వు ముందర పెట్టె. నాయన ఇంజను కాడ. అవ్వ ఆ పెట్టె. సిన్నమ్మ ఈ పెట్టె. అమ్మ నా పక్కన" అని అందరికీ చోటు చూపించింది. అంత మనిషి మరిది టమోటా పెట్టెలో మోకాళ్ళు గడ్డానికి ఆనేటట్టు ముడుచుకుని కూర్చున్నాడు. మిగతా పిల్లలు కేకలు. నేను పెట్టెలో పట్టక పక్కనే నేలమీద కూర్చున్నాను.

"యాడికి పోతాది ఈ రైలు?" అని మా అమ్మ అడిగింది.

"కుప్పానికి. అందురమూ పోతాండాము," అంది పిల్ల. నా మెడ చుట్టూ చెయ్యేసింది. "అమ్మ గూడా."

అప్పుడు నాకు అర్థమయింది. కుప్పం నాయన దగ్గరికి పోవాలనీ లేదు, పోకూడదనీ లేదు దానికి. ఎవరూ మిగిలిపోకుండా అందరూ ఎక్కే బండి కావాలి. అందుకే రైలు అడిగింది. ఏడుస్తుందేమోనని నేను రంగు రంగుల కాగితాలతో కాచుక్కూర్చుంటే, అది నవ్వుతూ వస్తానంది. నవ్వితే పంపుతానన్నది నేనే. మరిది నా వైపు చూడలేదు.

మర్నాడు అందరం బయలుదేరాం. పుంగనూరు మీదుగా, పలమనేరు మీదుగా, బస్సులోనే. "రైల్లో పోమా?" అని పిల్ల అడిగితే, "ఆడ పోయినాక సూద్దువులే" అన్నాను. వాళ్ళ దేవుడు రామకుప్పం దాటాక ఒక గుట్ట కింద ఉన్నాడు. నేను జడలు విప్పి, చివరిసారి నూనె పెట్టి దువ్వాను. మంగలాయన నీళ్ళు చల్లి కత్తి పెట్టగానే పిల్ల గట్టిగా కళ్ళు మూసుకుంది గానీ ఏడవలేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దాని ఒళ్ళోకి జారింది. మొత్తం అయ్యాక గుండు తడుముకుని నా వైపు తిరిగి కిలకిలా నవ్వింది. గంధం పూసిన ఆ చిన్న గుండు కింద అచ్చం మా మరిది మొహం. ఇన్నేళ్ళూ ఆ జుట్టు వల్ల నాకు కనబడలేదు.

ఇక తిరిగి రావడం గురించి చెప్పాలి. మా వైపు పిల్లను ఎక్కడైనా వదిలిపెట్టాలంటే చెప్పి రారు. చెబితే ఏడుస్తుంది, మాయమైతే రెండు రోజుల్లో మరిచిపోతుంది అంటారు. హాస్టల్లో వదిలినా అంతే, అత్తారింట్లో వదిలినా అంతే. గుట్ట నుంచి కుప్పంలో మరిది ఇంటికి చేరాక, "సెప్పొద్దు. గమ్మున పోదాం పదా" అని మా అమ్మ నా రెక్క పట్టుకుంది. మరిది పిల్లను భుజాల మీద ఎక్కించుకుని గేటు దగ్గరికి రైలు చూపించడానికి తీసుకుపోయాడు. దూరం నుంచి రైలు కూత వినిపించింది, దాంతోపాటు పిల్ల అరుపు, సంతోషంతో. మేము వెనక సందులోంచి బస్టాండుకు నడిచాం. రాత్రికి మదనపల్లె చేరాం. ఇంట్లో దీపం వేస్తే నీలం రైలు అట్లాగే ఉంది. మా ఆయన దాన్ని తీయనివ్వలేదు. బెలూన్లు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి, దూది పొగ ఊడి కిందపడింది, టమోటా వాసనకు చీమలు పట్టాయి. అప్పుడు తీశాం.

చూడటానికి మళ్ళీ రావద్దని అందరూ అన్నారు. బిడ్డ అలవాటు పడాలట. ఊరుకున్నాను. వానలు మొదలయ్యాక ఒకరోజు పక్కింటి ఫోనుకు కుప్పం నుంచి పిలుపొచ్చింది. మాట్లాడింది మరిది భార్య.

"అక్కా, నువ్వు ఒకసారి వస్తావా," అంది. "బిడ్డ రోజూ గేటుకాడ నిలబడి ఉంటాది. మా అమ్మ రైలెక్కి పోయింది, రైల్లోనే వస్తాది అంటాది. మీ అమ్మ బస్సులో వస్తాదమ్మా అని బస్టాండుకు పిల్చుకోని పోయినాను. ఒక్క బస్సును గూడా సూడకుండా ఎనక్కి లాక్కొచ్చేసింది. నాకు సూడలేక ఉండాదక్కా."

ఆమె గొంతులో ఏడుపు ఉంది. తప్పు పట్టడానికి ఆ రోజు కూడా నాకు ఏమీ దొరకలేదు.

దసరా సెలవులకు పోయాను. మా ఆయన రానన్నాడు. "నువ్వు పోయి రా, మళ్ళీ ఎనక్కి రావడం నాతో అయ్యేది కాదు" అన్నాడు. బస్సులో కుప్పం దిగాను. మరిది ఇంటికి నడిస్తే కొంచెం దూరమే. కానీ నేను ఆ వైపు పోలేదు. ఇంకో బస్సెక్కి గుడుపల్లె పోయాను. బెంగుళూరు నుంచి వచ్చే రైలుకు కుప్పం కంటే ముందొచ్చే స్టేషను అది. అక్కడ ప్యాసింజరుకు కుప్పం టిక్కెట్టు అడిగాను. నేను కుప్పం బస్సు దిగి రావడం చూసినట్టున్నాడు, టిక్కెట్టు ఇచ్చే ఆయన వింతగా మొహం పెట్టాడు.

"కుప్పం బస్సే కదమ్మా ఇప్పుడు నువ్వు దిగింది. మళ్ళా కుప్పమేనా?"

"కుప్పమేనప్పా. రైల్లో దిగాల," అన్నాను. ఆయనకు ఏం అర్థమయిందో, టిక్కెట్టు ఇచ్చాడు.

రైలు వచ్చింది. నీలంగానే ఉంది. నేను ఎంచుకున్న నీలం కంటే కొంచెం ముదురు, మట్టి పట్టి ఉంది. తలుపు దగ్గరే నిలబడ్డాను. ఈ రైలుకు వస్తున్నానని మరిది భార్యకు ముందే ఫోను చేసి చెప్పాను, పిల్లను స్టేషనుకు తీసుకురమ్మని. స్టేషను దగ్గర పడుతుంటే పసుపు బోర్డు కనబడింది. మా ఆయన రాసినంత అందంగా లేదు.

పిల్ల పెట్టె పెట్టెకూ పరిగెత్తుతోంది. మొగపిల్లాడిలా కురచ జుట్టు వచ్చింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, వచ్చి నా నడుము చుట్టేసుకుంది. నా చీర మడతల్లో మొహం పెట్టి ఊపిరి పీల్చింది. ఇంకా ఎవరు దిగుతారోనని నా వెనక తలుపు వైపు చూసింది. "నాయన రాలేదమ్మా, మార్కెట్టులో పనుండాది" అన్నాను. సరేనని తలూపింది. అంతలోనే తన వెనకాలే వచ్చిన పక్కింటి పిల్లను చెయ్యి పట్టి ముందుకు లాగింది.

"సూడు, రైల్లోనే వస్తాదని నేను సెప్పలా," అంది.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "ఎవురే?" అని అడిగింది.

"మా మదనపల్లె అమ్మ."

ఎంత ముద్దుగా చెప్పిందో. ఒకప్పుడు మా వాకిట్లో కుప్పం నాయన వచ్చినాడని లోపలికి కేకేసినప్పుడు ఉండే గొంతే. నేను నవ్వాను, నవ్వకపోతే పిల్ల భయపడుతుంది. కళ్ళు మాత్రం నా మాట వినలేదు. వెనక మరిది నిలబడి ఉన్నాడు. అతనూ విన్నాడు. నా మొహం చూడకుండా వంగి, నా చేతిలోంచి సంచీ తీసుకున్నాడు.

"రా వొదినా," అన్నాడు. "ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుందువు."